ఆదివారం మధ్యాహ్నం పుస్తకం మూసుడు నేర్చుకున్న

తెలంగాణ గ్రూప్-2 సర్కారు కొలువుల పరీక్షకి ఎన్నిసార్లు రెడీ అయినమో మనోళ్ళకి చెప్పాల్సిన పని లేదు, 783 పోస్టులు, 2023 ఆగస్టు 29, 30 అన్నరు, తర్వాత నవంబర్, తర్వాత జనవరి, మళ్ళీ ఆగస్టు, ఆఖరికి 2024 డిసెంబర్ 15, 16 న రాసినం. వాయిదా పడ్డ ప్రతిసారీ నేను చేసింది ఒక్కటే, టైమ్‌టేబుల్‌లో ఇంకో గంట పెంచుడు.

అశోక్‌నగర్‌లో ముగ్గురం ఒకే రూమ్. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని చదివేటోణ్ణి, టీకి పోయినా ఆపి పోయేది, రాత్రి నోట్‌బుక్ చివరి పేజీల లెక్క రాసుడు, 11, 12, ఒకరోజు 13 గంటల 20 నిమిషాలు. 9 వచ్చిన రోజు అన్నం కూడా సహించకపోయేది. అయితే ఆ పన్నెండు గంటల్లో మూడు నాలుగు గంటలు చిక్కడపల్లి లైబ్రరీల ముల్కీ రూల్స్ (స్థానికులకే కొలువులు అనే నిజాం కాలం రూల్స్) పేజీ ముందట ఊకె కూర్చున్నయే, పుస్తకం తెరిచి ఉంటది, పుస్తకం మీద ఫోన్ ఉంటది, రీల్స్ నడుస్తుంటయ్. అటు చదువూ కాదు ఇటు రెస్టూ కాదు, పైగా రూమ్‌కి పోయినంక తప్పు చేసినట్టు ఒకటే బాధ.

ఒక మాక్ టెస్ట్‌ల, నాలుగో పేపర్, తెలంగాణల ఉన్న స్థానికేతర ఉద్యోగులను వాపస్ పంపాలన్న జీవో 610 ఏ సంవత్సరం అని ఇచ్చిండు. 1985 డిసెంబర్ 30, నిద్రల లేపి అడిగినా చెప్తా, కానీ 1975 బబుల్ చేసి వచ్చిన, స్థానికులకు కొలువుల కోటా పెట్టిన రాష్ట్రపతి ఉత్తర్వుల సంవత్సరం అది, బుర్రల రెండూ కలిసిపోయినయ్. రానిది పోతే ఏం అనిపియ్యదు గానీ వచ్చింది పోతే కడుపు మండుతది.

ఆ వారం ఇంటికి పోయిన. రెండో రోజు మధ్యాహ్నం ఒంటిగంటకి మెలకువొచ్చింది, ఉలిక్కిపడి లేచి బ్యాగ్ జిప్ తీస్తుంటే అమ్మ చూసి "కండ్లు గట్ల గుంజుకపోయినయేంది బిడ్డా, పుస్తకం ఏడికి పోతది, ఇంత తిని మళ్ళ పండు" అన్నది. తిని మళ్ళ పండుకున్న. సాయంత్రం ఎకానమీ చాప్టర్ ఒకటి గంటన్నరల అయిపోయింది, అదే చాప్టర్ రూమ్‌ల రెండు రోజులు పట్టింది నాకు.

వచ్చినంక స్టాప్‌వాచ్ యాప్ తీసేసిన. ఆదివారం ఒంటిగంట నుంచి రాత్రి దాకా సెలవు అని టైమ్‌టేబుల్ మీదనే పెన్నుతో రాసిన, రాసి పెట్టుకుంటేనే నాకు ధైర్యం వచ్చింది, లేకపోతే మళ్ళ దొంగచాటు రెస్టే అయితది. ఎగ్జామ్‌కి నెల ముందు కూడా బంద్ చెయ్యలే. మీకు ఆదివారం కుదరకపోతే ఇంకో రోజు చూసుకోండి, కానీ ఆ టైమ్‌ల కరెంట్ అఫైర్స్ వీడియో పెట్టుకుని అన్నం తింటే అది సెలవు కాదు.

మొదట్ల రూమ్మేట్ "నీకు సీరియస్‌నెస్ పోయింది రా" అనేటోడు. మూడో వారం ఆడే నా వెంట ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌కి మ్యాట్నీకి వచ్చిండు. ఇంటర్వెల్‌ల సమోసాలు తెచ్చేసరికి సీట్‌ల గురక పెడుతున్నడు, లేపలే, రెండూ నేనే తిన్న.