గ్రహాంతరవాసులు కావురా, గుడ్లగూబ పిల్లలు

"మావయ్యా, వీటికి మనిషి మొహం ఉంది చూడు!" అంటూ మేనల్లుడు ఫోన్ నా చేతిలో పెట్టేసి వెనక్కి నక్కాడు. శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌లో టీ తాగుతున్నాం.

తెల్లటి ఒళ్లు, పెద్ద నల్లటి కళ్లు, గుండె ఆకారంలో మొహం. మనుషుల్లా నిటారుగా నిలబడి కెమెరా వంకే చూస్తున్నాయి. కింద 'గ్రహాంతరవాసులు' అని రాసుంది.

2017లో మన పక్కనే విశాఖలో, కడుతున్న బిల్డింగులో తీసిన వీడియోలోది ఆ బొమ్మ. అవి బార్న్ ఔల్ అనే రకం గుడ్లగూబ పిల్లలు. ఈకలు పూర్తిగా రాలేదు కాబట్టి పొడుగు కాళ్లు బయటికి కనిపిస్తాయి, అంతే.

వాడికి భయం పోయి నవ్వొచ్చింది. నాకు వాటి మీద జాలేసింది. గూటి దగ్గరికి ఫోన్లు పట్టుకెళ్తే ఎంత హడలిపోయాయో! ఇంటి మీద గుడ్లగూబ వాలితే అపశకునమని రాళ్లు విసిరేవాళ్లు మనలో ఇంకా ఉన్నారు. చేలో ఎలుకల్ని తిని రైతుకి మేలు చేసే పక్షి అది. దయచేసి కొట్టకండి.

ఇంకోటి చూపించమన్నాడు. 1976లో నాసా అంతరిక్ష నౌక వైకింగ్ 1 తీసిన, అంగారకుడి మీద మొహంలా ఉన్న కొండని చూపించాను. నీడలు అలా పడ్డాయంతే అన్నాను.

ఇప్పుడు టీకొట్టు గోడ మీద మరకల్లో మొహాలు వెతుకుతున్నాడు. ఒకటి దొరికింది కూడా, మీసాలతో!