ఒళ్ళో టికెట్టు, డబ్బాలో పెరుగన్నం

"మనం పేదవాళ్ళమా నాన్నా?"

వియన్నాలో ఒక బెంచీ మీద కూర్చుని పెరుగన్నం తింటూ మా పెద్దది అడిగిన మాట ఇది. ఎదురుగా కెఫేలో ఒక కుటుంబం కైజర్‌ష్మార్న్ తింటోంది. మెత్తటి గుడ్డు అట్టుని ముక్కలుగా చింపి, పైన పంచదార పొడి చల్లి, పక్కన ఆల్‌బుఖారా పళ్ళ గుజ్జు పెట్టి ఇస్తారు. మా స్టీలు డబ్బాలోనూ పెరుగన్నం మీద దానిమ్మ గింజలు ఉన్నాయి. అవేవీ దాని కంటికి ఆనలేదు.

"కాదమ్మా, మనం కొంచెం జాగ్రత్తగా ఖర్చు పెడతాం, అంతే" అన్నాను. "మరి పేదవాళ్ళు ఎలా ఖర్చు పెడతారు?" అంది. దాని వయసు ఏడేళ్ళు. పక్కనే స్ట్రోలర్‌లో ఏడాది దాటిన దాని తమ్ముడు నోట్లో చెంచాతో హాయిగా ఉన్నాడు. వాడికి ఏ దేశమైనా ఒకటే.

అసలు ఈ ట్రిప్ ప్లాన్ చూసుకుని నేను పొంగిపోయి ఉన్నాను. చంటిపిల్లాడితో తక్కువ ఖర్చులో తిరగడం ఎలాగో ఆఫీసులో తెలుగువాళ్ళకి పాఠాలు కూడా చెప్పాను. చౌక విమానాల్లో పెద్దవాళ్ళ టికెట్ కంటే ఒళ్ళో కూర్చునే బిడ్డ ఛార్జీ ఎక్కువగా ఉండటం చాలాసార్లు చూశాను. సీటు ఇవ్వరు, డబ్బు మాత్రం తీసుకుంటారు. అదే రైల్లో అయితే ఆరేళ్ళలోపు పిల్లలకి టికెట్టే అక్కర్లేదు. మేముండే జర్మనీలోని మ్యూనిక్ నుంచి వియన్నాకి నాలుగు గంటలు. పాలసీసా మూత తీసి చూపించమనేవాడు లేడు, రాగిపిండి పొట్లం చూసి అనుమానపడేవాడూ లేడు. హోటల్ బదులు వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకోవాలి, చిన్న రైస్ కుక్కర్ మోసుకెళ్ళాలి. వేయించి పొడి కొట్టిన బియ్యం, పెసరపప్పు ఉంటే ఉగ్గు పది నిమిషాల్లో అయిపోతుంది. వియన్నాలో కుళాయి నీళ్ళు ఆల్ప్స్ కొండల నుంచి వస్తాయి, సీసా కొనక్కర్లేదు. ప్రకృతి చరిత్ర మ్యూజియంలో పంతొమ్మిదేళ్ళ లోపువాళ్ళకి టికెట్ లేదు. డైనోసార్ల దగ్గర పెద్దది గంటసేపు నిలబడింది, చిన్నవాడు ఆ గంటా నిద్రపోయాడు.

"మీ ఎక్సెల్ షీటు ఊరెళ్తోంది, మేం దానికి తోడెళ్తున్నాం" అంటుంది మా ఆవిడ.

సబ్బులు, పిల్లల సామాన్లు అమ్మే డీఎం షాపు సంగతీ చెప్పాలి. అక్కడ డయపర్ మార్చే బల్ల పక్కన డయపర్లు, వైప్స్ పెట్టి ఉంచుతారు, డబ్బు ఇవ్వక్కర్లేదు. జర్మనీలో ఉంది, ఆస్ట్రియాలోనూ ఉంది. మంచి ఏర్పాటు. మా బ్యాగులో నిండు ప్యాకెట్టు ఉంది. అయినా వాడు తడిపాడని తెలియగానే నేను ఫోన్లో డీఎం ఎక్కడుందో వెతికాను. అర కిలోమీటరు. ఏడుస్తున్న పిల్లాడిని తోసుకుంటూ అంత దూరం నడిచాం. సొరుగు లాగి, వాడి సైజు ఏరుకుని, తుడిచి, మార్చి బయటికొచ్చేసరికి ఏదో గెలిచినట్టే ఉంది నాకు. మా ఆవిడ గుమ్మం దగ్గరే నిలబడి, "మిగిలింది ఎంత?" అంది. పావు యూరో కూడా ఉండదు.

ఇదంతా నాకెక్కడ అబ్బిందో తెలుసు. తెనాలి నుంచి తిరుపతి వెళ్ళేటప్పుడు మా అమ్మ పులిహోర పొట్లాలు కట్టేది, బయట ఏదీ కొనేవాళ్ళం కాదు. అప్పుడు నిజంగానే డబ్బు లేదు. అయినా మా నాన్నని నేను ఆ ప్రశ్న ఎప్పుడూ అడగలేదు. రైలు పెట్టెలో అందరి చేతుల్లోనూ పులిహోరే ఉండేది కదా! మా అమ్మాయి క్లాసులో సగం మంది సెలవులకి స్పెయిన్‌లోని మయోర్కా దీవికి వెళ్ళి, ఇసుకలో ఆడుకున్న ఫోటోలు చూపిస్తారు. దాని కళ్ళ ముందున్న పెట్టె వేరు.

పోనీ అన్నిచోట్లా ఇలాగే ఉంటానా అంటే అదీ లేదు. ఇండియా వెళ్ళేముందు బంధువుల కోసం రెండు సూట్‌కేసుల నిండా చాక్లెట్లు, పెర్ఫ్యూములు కొంటాను. ఆ లెక్క షీటులోకి ఎక్కదు. పెద్దమ్మ కోడలికి ఏమిస్తే బాగుంటుందా అని రాత్రంతా ఆలోచించే మనిషిని, సొంత కూతురికి ఒక ప్లేటు అట్టు దగ్గర చేతులు బిగబట్టుకున్నాను. చివరికి కొన్నామా అంటే కొన్నాం. నలుగురికీ కలిపి ఒకటే.

పిల్లలు ఆరేళ్ళలోపు ఉండగానే తిరగండి అని ఇప్పటికీ అందరికీ చెబుతాను. బడి మొదలైతే సెలవుల్లోనే కదలాలి, ధరలు అప్పుడే కొండెక్కుతాయి. మ్యూనిక్ ఉన్న బవేరియా రాష్ట్రంలో సెలవులకి ఒకరోజు ముందు బడి ఎగ్గొట్టి విమానం ఎక్కబోయిన పిల్లల్ని పోలీసులు విమానాశ్రయంలోనే ఆపి అడిగిన సందర్భాలున్నాయి. సలహా అయితే మంచిదే. ఆ వయసులో తిప్పింది వాళ్ళకి గుర్తుంటుందా అని ఎవరైనా అడిగితే మాత్రం నీళ్ళు నములుతాను. పెద్దదాన్ని మూడేళ్ళప్పుడు వెనిస్ తిప్పాం, దానికి ఒక్క ముక్క గుర్తులేదు. గుర్తుండే వయసు వచ్చాక నేను పెరుగన్నం పెట్టాను.

ఇప్పుడు ఇండియా టికెట్లు చూస్తున్నాను. చిన్నవాడికి రెండేళ్ళు నిండేలోపు వెళ్ళొస్తే పెద్దవాళ్ళ ఛార్జీలో దాదాపు పదో వంతుతో ఒళ్ళో కూర్చోబెట్టుకోవచ్చు. ఆ తర్వాత సొంత సీటు కొనాల్సిందే. తిరుగు ప్రయాణానికి రెండేళ్ళు నిండిపోయినా అంతే. పైగా వాడిది జర్మన్ పాస్‌పోర్టు, ముందు ఓసీఐ (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివాళ్ళకి ఇచ్చే కార్డు) చేయించాలి. అక్కది మా లాగే ఇండియన్ పాస్‌పోర్టు. తమ్ముడిది ఎర్రగా ఎందుకుంది, నాది నీలంగా ఎందుకుందని అదొక గొడవ, దాని గురించి ఇంకోసారి.

ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి హైదరాబాద్‌కి నేరుగా విమానం ఉంది. గల్ఫ్‌లో దిగి ఆరు గంటలు కూర్చుంటే మొత్తం మీద నాలుగు వందల యూరోలు తక్కువ. రెండూ పక్కపక్కన తెరిచి పెట్టుకున్నాను. మా ఆవిడ వచ్చి చూసి, "ఆ మిగిలిన డబ్బుతో ఏం చేస్తారు?" అంది.

ఇంకో ట్రిప్ ప్లాన్ చేస్తానన్నాను. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. టికెట్లు ఇంకా కొనలేదు.