వాలుబల్ల మీద కడియం, గోళీ

మా అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం భౌతికశాస్త్రంలో భ్రమణ గమనం చదువుతోంది కనుక, నిన్న సాయంత్రం ఇద్దరం కలిసి ఒక చెక్కపలకను కాస్త వాలుగా పెట్టి, దాని మీద నుంచి ఒక స్టీలు కడియాన్నీ ఒక గాజు గోళీనీ ఒకేసారి వదిలి చూశాం. గోళీ ప్రతిసారీ ముందే కిందికి చేరింది. చాలామంది బరువైనదే ముందు చేరుతుందనుకుంటారు గానీ, జారకుండా దొర్లే వస్తువుల విషయంలో ద్రవ్యరాశి ఎంత, వ్యాసార్ధం ఎంత అన్నవి త్వరణాన్ని మార్చవు. ఆ ద్రవ్యరాశి అక్షానికి ఎంత దగ్గరగా, ఎంత దూరంగా పరుచుకుని ఉందన్నదే అసలు సంగతి. కడియంలో ద్రవ్యరాశి దాదాపు అంతా అంచునే ఉంటుంది కాబట్టి, దిగుతూ సంపాదించుకున్న గతిజశక్తిలో (కదలిక వల్ల కలిగే శక్తిలో) సుమారు సగం దాన్ని తిప్పడానికే పోతుంది. గోళీ లాంటి ఘన గోళానికి, అంటే లోపలంతా నిండుగా ఉన్న గోళానికి, తన గతిజశక్తిలో 2/7 వంతు చాలు. అందుకే ఘర్షణ లేని వాలు మీద జారే వస్తువు త్వరణంతో పోలిస్తే గోళీకి 5/7 వంతు, కడియానికి సగం మాత్రమే దక్కుతాయి. జడత్వ భ్రామకం (తిప్పడానికి వస్తువు ఎంత మొరాయిస్తుందో చెప్పే కొలత) సూత్రాలను బట్టీ పట్టించే ముందు ప్రతి తరగతిలోనూ ఈ పందెం ఒక్కసారి చూపించాలని నా గట్టి కోరిక. బోలు బంతి అయితే ఎలా ఉంటుందని మా అమ్మాయి తనకు తానే ప్రశ్నించుకుని, 3/5 వంతు వస్తుందని లెక్కగట్టి, టేబుల్ టెన్నిస్ బంతి కోసం లోపలికి పరిగెత్తింది.