కొత్త రౌటరా, నిలదొక్కుకున్న రౌటరా?

కూకట్‌పల్లిలోని మా ఇంటికి కొత్త రౌటర్ కొనాలని సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ దుకాణాల సముదాయం సీటీసీలో విచారిస్తే, అడిగిన ప్రతి దుకాణంలోనూ ముందుగా కొత్త తరం ప్రమాణమైన వై-ఫై 7 రౌటర్ పెట్టెనే చూపించారు. అయినా నేను అంతకు ముందు తరం వై-ఫై 6 రౌటర్‌నే ఎంచుకున్నాను. ధర ఇందుకు ముఖ్య కారణం కాదు.

వై-ఫై 7 వేగానికి ప్రధాన ఆధారమైన 320 మెగాహెర్ట్జ్ ఛానల్ (డేటా ప్రయాణించే రేడియో దారి; ఎంత వెడల్పైతే అంత వేగం) 6 గిగాహెర్ట్జ్ బ్యాండులో మాత్రమే సాధ్యమవుతుంది. మన దేశంలో ఆ బ్యాండులోని దిగువ భాగాన్ని, అంటే 5925 నుంచి 6425 మెగాహెర్ట్జ్ వరకు, లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చేందుకు ముసాయిదా నియమాలు వెలువడిందే 2025 మే నెలలో. ఆ 500 మెగాహెర్ట్జ్‌లో అంత వెడల్పైన ఛానల్ ఒక్కటే ఇముడుతుంది. పైగా చవకగా దొరికే వై-ఫై 7 రౌటర్లలో చాలావాటికి 6 గిగాహెర్ట్జ్ రేడియోనే ఉండదు. మా ఫైబర్ ప్లాన్ 300 ఎంబీపీఎస్. రెండు యాంటెన్నాల వై-ఫై 6 ఫోను 80 మెగాహెర్ట్జ్ ఛానల్‌లో 1201 ఎంబీపీఎస్ లింకును అందుకోగలదు కనుక, వాస్తవంలో అందులో సగమే దక్కినా మాకు ఎక్కువే.

అంతకంటే నేను ఎక్కువగా చూసింది ఫర్మ్‌వేర్‌ను, అంటే రౌటర్‌ను లోపలినుంచి నడిపించే సాఫ్ట్‌వేర్‌ను. కొత్త చిప్‌లోని లోపాలు తొలి కొనుగోలుదారుల ఇళ్లలోనే బయటపడతాయి. కొంతకాలంగా నడుస్తున్న మోడల్‌లో కనెక్షన్ ఎప్పుడు తెగిపోతుందో, ఏ అప్‌డేట్‌తో కుదుటపడిందో ముందే తెలిసిపోతుంది. అయితే నిలదొక్కుకున్నది వేరు, కాలం చెల్లినది వేరు. తయారీదారు భద్రతా అప్‌డేట్లు ఆపేసిన వై-ఫై 5 రౌటర్‌ను సగం ధరకు ఇచ్చినా తీసుకోకూడదన్నది నా అభిప్రాయం. తయారీదారు సైటులో చివరి ఫర్మ్‌వేర్ తేదీని, రౌటర్ అడుగున లేబుల్ మీద ముద్రించిన హార్డ్‌వేర్ వెర్షన్‌ను చూడకుండా డబ్బు కట్టవద్దు; మోడల్ పేరు ఒక్కటే అయినా వెర్షన్ మారితే లోపలి చిప్ మారిపోవచ్చు. తయారీదారు ఫర్మ్‌వేర్‌కు బదులు ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత ఫర్మ్‌వేర్ వేసుకోదలచినవారికి ఈ తేడా మరీ ముఖ్యం.

గిగాబిట్‌కు మించిన ప్లాన్ ఉన్నవారు, ఇంట్లోనే పెద్ద వీడియో ఫైళ్లను నాస్‌కు (ఇంటి నెట్‌వర్క్‌లో ఉండే నిల్వ పరికరానికి) పంపేవారు 2.5 గిగాబిట్ పోర్టులున్న వై-ఫై 7 కొనడంలో అర్థముంది. నా మిగిలిన డబ్బు లోపలి గది దాకా లాగిన ఈథర్నెట్ కేబుల్‌కు, అక్కడ వై-ఫై అందించేందుకు బిగించిన యాక్సెస్ పాయింట్‌కు సరిపోయింది. మధ్యలో రెండు గోడలు ఉన్నప్పుడు ఏ కొత్త ప్రమాణమూ ఆ కేబుల్‌కు సాటిరాదు.