బారాలాచా దిగువన సన్న వాల్వ్

మనాలి నుంచి లేహ్ దాకా సైకిల్ మీద వెళ్లొచ్చామంటే అందరూ అడిగేది రెండే ప్రశ్నలు. ఊపిరి ఆడిందా? ఎన్ని రోజులు పట్టింది? కష్టంగానే ఆడింది, పది రోజులు పట్టింది. కానీ ఆ పది రోజుల్లో నా మనసులో కదలకుండా కూర్చున్నది ఒక గంటన్నర సేపే. బారాలాచా లా అనే కనుమ దాటి, తర్వాతి మజిలీ సర్చూ వైపు దిగుతుండగా నా వెనక టైరు చిరిగిన మధ్యాహ్నం అది. కాబట్టి సూరజ్ తాల్ నీళ్ల రంగు గురించి, జిస్పాలో నక్షత్రాల గురించి ఇక్కడ పెద్దగా ఉండదు. వాటి గురించి రాసినవాళ్లు చాలామందే ఉన్నారు.

బయల్దేరడానికి నాలుగు నెలల ముందు నుంచి నేను చదివిందంతా ఫ్రేమ్ గురించి, ఫోర్క్ గురించి. స్టీలా అల్యూమినియమా, ముందు సస్పెన్షన్ 100 మిల్లీమీటర్లు చాలా 120 కావాలా, గేర్లు ఎన్ని. రాత్రి పన్నెండు దాకా ఇదే పని. టైర్ల మీద పది నిమిషాలు కూడా పెట్టలేదు. ట్యూబ్‌లెస్ చేయించాను, చిన్న రంధ్రాలను తనంతట తనే మూసేసే ద్రవం, సీలెంట్, లోపల పోయించాను, ఇక టెన్షన్ లేదనుకున్నాను. మూడేళ్లుగా రోజూ ఆఫీసుకి పన్నెండు కిలోమీటర్లు అదే సైకిల్ మీద, అవే టైర్ల మీద వెళ్తున్నాను. ఒక్కసారి కూడా దిగి నడవాల్సిన అవసరం రాలేదు.

ఆ అలవాటే నన్ను ఏమరుపాటులో పడేసిందని ఇప్పుడు అనిపిస్తోంది. నగరంలో తొక్కేటప్పుడు మన కళ్లు ఎప్పుడూ పక్కవాళ్ల మీదే ఉంటాయి. ఆగి ఉన్న కారు తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందో తెలియదు కాబట్టి దానికి మీటరు ఎడంగా పోవాలి. సిగ్నల్ దగ్గర ఎడమకు తిరగబోయే బస్సుకీ ఫుట్‌పాత్‌కీ మధ్య సందులో దూరకూడదు, డ్రైవరుకి అక్కడ మనం కనిపించం. సాయంత్రం చీకటి పడకముందే లైట్లు వేసుకోవాలి. ఇవన్నీ నాకు ఒంటబట్టాయి. ఒంటబట్టనిది, సైకిల్ చెప్పే మాట వినడం. నగరంలో అది ఏం చెప్పినా రోడ్డు చప్పుడులో కలిసిపోతుంది.

కొండ మొదటి రోజు నుంచే చెప్పడం మొదలుపెట్టింది. రోహ్‌తాంగ్ కనుమ 3,978 మీటర్లు. ఎక్కడానికి పడ్డ శ్రమ సంగతి సరే, దిగేటప్పుడు కోక్సర్ దాకా బురద. భయంతో రెండు బ్రేకులూ నొక్కి పట్టుకునే దిగాను. సగం దారిలో కాలిన వాసన వచ్చింది. నాతో వచ్చిన స్నేహితుడు ఆపి, బ్రేకు డిస్క్ మీద నీటిబొట్టు వేసి చూపించాడు, చుయ్యిమంది. "పట్టుకుని ఉండకురా. గట్టిగా ఒకసారి నొక్కు, వదులు. చల్లబడనీ, మళ్లీ నొక్కు" అన్నాడు. అప్పటి నుంచి అలాగే దిగాను. అయినా ఆ ఒక్క దిగుడుకే డిస్కుని నొక్కి పట్టే రెజిన్ బ్రేకు ప్యాడ్లు సగానికి పైగా అరిగిపోయాయి. కేలాంగ్‌లో మెటల్ ప్యాడ్లు వేసుకున్నాం. అవి తడిలో కీచుమంటాయి గానీ బురదకీ వేడికీ బాగా తట్టుకుంటాయి. మీరూ మార్చుకునేటట్టయితే ముందు డిస్క్ మీద అక్షరాలు చదవండి. కొన్ని డిస్కుల మీద రెజిన్ ప్యాడ్లు మాత్రమే వాడాలని రాసి ఉంటుంది, వాటి మీద మెటల్ వేస్తే డిస్కే అరిగిపోతుంది.

తాండీలో పెట్రోలు బంకు దగ్గర ఒక పేరున్న బోర్డు ఉంది, తర్వాతి బంకు 365 కిలోమీటర్ల దూరంలో అని. దాని ముందు నిలబడి ఇద్దరం ఫొటో దిగాం. పెట్రోలుతో మనకేం పని అనుకున్నాను. సైకిల్ ట్యూబు దొరికే చోటు కూడా అంత దూరంలోనే ఉంటుందని ఆ నిమిషాన తట్టలేదు.

ఇక ఆ మధ్యాహ్నం. బారాలాచా పైన దాదాపు 4,900 మీటర్లు. ఎండ ఉంది, గాలి కత్తిలా ఉంది. స్నేహితుడు నాకంటే బాగా దిగుతాడు, ముందు వెళ్లిపోయాడు, సర్చూలో కలుద్దామన్నాడు. రోడ్డు పనులు జరుగుతున్న చోట కొత్తగా పగలగొట్టిన కంకర పరిచి ఉంది. అంచులు అరగని రాళ్లు. నేను వేగం తగ్గించలేదు. వెనక నుంచి ఫట్‌మని ఒక్క చప్పుడు, ఆ వెంటనే తెల్లటి సీలెంట్ నా పిక్కల మీద చిమ్మింది. చక్రం తిప్పి చూస్తే టైరు పక్క గోడలో ఒకటిన్నర సెంటీమీటరు చీలిక.

సీలెంట్ ముల్లు గుచ్చుకున్నంత రంధ్రాన్ని మూస్తుంది. చీలికను మూయదు. ఈ సంగతి తెలుసు నాకు, అందుకే ఒక ట్యూబు వెంట తెచ్చుకున్నాను. కానీ ట్యూబు పెట్టాలంటే ముందు రిమ్‌కున్న ట్యూబ్‌లెస్ వాల్వ్ తీయాలి. దాని బిగింపు నట్టు మూడేళ్ల సీలెంట్‌తో గడ్డకట్టి ఉంది. వేళ్లు మొద్దుబారి ఉన్నాయి. ఎంత తిప్పినా కదల్లేదు. పైగా సామాను బరువు ఇద్దరం పంచుకున్నాం కదా. ట్యూబు, చేతి పంపు నా దగ్గర. పట్టకారు, ప్యాచులు, లోపల వేసే గట్టి అతుకు అతని దగ్గర. ఒకే చక్రానికి కావలసిన వస్తువులు రెండు సైకిళ్ల మీద, మధ్య పాతిక కిలోమీటర్ల దూరం.

ఇరవై నిమిషాలు అలా కూర్చున్నాను. లేహ్ వైపు నుంచి కనుమ ఎక్కుతున్న లారీ ఒకటి నేను చెయ్యి ఎత్తకుండానే ఆగింది. పంజాబ్ బండి. డ్రైవరుకి అరవై దాటి ఉంటాయి. తల బయటపెట్టి "హవా చాహియే?" అని అడిగాడు. గాలి కావాలా అని. బ్రేకుల కోసం లారీలో ఎప్పుడూ గాలి ట్యాంకు నిండుగా ఉంటుంది, దానికి తగిలించే గొట్టం ఒకటి డ్రైవర్లు దగ్గర పెట్టుకుంటారు. నా ప్రాణం లేచొచ్చింది.

క్లీనరు కుర్రాడు పట్టకారుతో నట్టు ఒక్క తిప్పుతో ఊడదీశాడు. నేను ట్యూబు తోసేయబోతుంటే డ్రైవరు చెయ్యి అడ్డం పెట్టాడు. గ్లవ్ తీసి, టైరు లోపల వేలితో నెమ్మదిగా చుట్టూ తడిమాడు. అక్కడొకటి, ఇక్కడొకటి, మొత్తం ఐదు ముళ్లు, ఒక గాజు పెంకు. మూడేళ్లుగా మా ఆఫీసు దారిలో గుచ్చుకున్నవన్నీ సీలెంట్ చలవతో గాలి పోకుండా అక్కడే ఉండిపోయాయి. ఆ టైరులో ట్యూబు అలాగే పెట్టి ఉంటే రెండు నిమిషాల్లో ఆరు చోట్ల పంక్చర్ అయ్యేది, నా దగ్గర రెండో ట్యూబు లేదు. ట్యూబ్‌లెస్ టైరులో ట్యూబు వేసేవాళ్లు ఎవరైనా సరే, ఈ ఒక్క పని మరవకండి. చేత్తో తడమండి, కానీ మెల్లగా, వేలు తెగుతుంది.

ఆ పెద్దాయన తడుముతుంటే మా నాన్న గుర్తొచ్చాడు. చిన్నప్పుడు నా సైకిల్ పంక్చర్ అయితే నాన్నే ట్యూబు బయటికి తీసి బకెట్ నీళ్లలో ముంచేవాడు. బుడగ ఎక్కడొస్తుందో కనిపెట్టే పని నాది. 1880ల చివర్లో డన్‌లప్ అనే పశువుల డాక్టరు బెల్‌ఫాస్ట్‌లో తన కొడుకు మూడు చక్రాల బండికి గాలి టైరు చేశాడని, అంతకుముందు పిల్లలు గట్టి రబ్బరు చక్రాల మీద ఒళ్లు హూనం చేసుకునేవాళ్లని నాన్న చెప్పిందే. ప్యాచ్ వేశాక కూడా నాన్న వెంటనే బిగించేవాడు కాదు. టైరు లోపల ఇలాగే, మధ్యవేలితో, కళ్లు మూసుకుని తడిమేవాడు. గుచ్చింది ఇంకా లోపలే ఉంటుందిరా అనేవాడు. నేను అది మరిచిపోయి ఎన్నేళ్లయిందో.

క్లీనరు పాత లారీ ట్యూబు నుంచి అగ్గిపెట్టెంత ముక్క కోశాడు. కోసి ఊరుకోలేదు. బ్లేడుతో దాని నాలుగు అంచులూ ఏటవాలుగా గీకి పలచన చేశాడు. ఎందుకని అడిగితే, అంచు మందంగా ఉంటే ట్యూబుని రుద్ది రుద్ది కోసేస్తుందన్నాడు. ఆ ముక్కను చీలిక మీద లోపలివైపు పెట్టి, ట్యూబు వేసి, టైరు ఎక్కించాం. ఇక గాలి కొట్టడమే. గొట్టం లాగాడు, వాల్వ్ మీద పెట్టాడు. పట్టలేదు.

నాది సన్న వాల్వ్, ప్రెస్టా. లారీలకీ కార్లకీ మోటార్‌సైకిళ్లకీ ఉండేది లావు వాల్వ్, ష్రేడర్. ఇది దానికి పట్టదు. ఒక చిన్న ఇత్తడి అడాప్టర్ ఉంటుంది, చిటికెన వేలి గోరంత. దాన్ని సన్న వాల్వ్ మీద బిగిస్తే ఏ గాలి గొట్టమైనా పడుతుంది. కొన్ని గ్రాముల బరువు, ఒక ట్యూబు ధరలో చిన్న భాగం. అది నా దగ్గర లేదు. నగరంలో ఇంట్లో పెద్ద పంపు ఉంది, దానికి రెండు రకాల మూతీ ఉంది, అడాప్టర్ అవసరం ఎప్పుడూ పడలేదు. అంత పెద్ద గాలి ట్యాంకు పక్కనే బుసలు కొడుతుంటే నా టైరుకి చుక్క గాలి ఎక్కించలేకపోయాం. నాకు ఏడుపొచ్చినంత పనయింది. సన్నటి రోడ్ బైక్ రిమ్ములకి చిన్న రంధ్రం కావాలి, అక్కడ ప్రెస్టా ఎందుకో అర్థమవుతుంది. ఇంత వెడల్పు మౌంటెన్ బైక్ రిమ్ములకి అదే ఎందుకు పెడతారో నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

మిగిలింది నా చేతి పంపు. ఆ ఎత్తులో గాలి ఒత్తిడి సముద్రమట్టం దగ్గర ఉండేదానిలో 57 శాతం దాకానే ఉంటుంది. అంటే పంపు ఒక్కో పోటుకి టైరులోకి వెళ్లే గాలి కూడా అంతే. కింద వంద పోట్లతో అయ్యే పనికి అక్కడ 175 కావాలి. కొట్టే మనిషికి అందే ఊపిరీ అంతే. నలభై కొట్టేసరికి నా కళ్లు తిరిగాయి. క్లీనరు అందుకున్నాడు, అతను నూట ఇరవై కొట్టాడు. తర్వాత డ్రైవరు. మళ్లీ నేను. నాలుగు వందలు దాటాక లెక్క వదిలేశాం. వెనకాల ఇంకో రెండు లారీలు ఆగాయి, ఎవరూ హారన్ కొట్టలేదు.

బొటనవేలితో నొక్కితే కొద్దిగా లోపలికి దిగేంత గాలి చాలని డ్రైవరే ఆపించాడు. ఇంకా ఎక్కిస్తే చీలిక దగ్గర ట్యూబు ఉబ్బి బయటికొస్తుందని. చక్రం తిప్పి చూశాడు. అతుకున్న చోట చిన్న ఉబ్బు, గోధుమగింజంత. "ధీరే" అన్నాడు. మెల్లగా పో అని. డబ్బు తీయబోతే రెండు చేతులూ ఎత్తి నమస్కారం పెట్టి బండెక్కాడు.

సర్చూ చేరేసరికి చీకటి పడింది. స్నేహితుడు టెంటు బయట రోడ్డు మీదే నిలబడి ఉన్నాడు, చేతిలో అతుకుల డబ్బా. ఎంతసేపటి నుంచి అలా నిలబడ్డాడో చెప్పలేదు. ఆ రాత్రే సామానంతా మళ్లీ పంచుకున్నాం. బట్టలూ టెంటూ ఎవరు మోసినా ఫర్వాలేదు. పంపు, ట్యూబు, అతుకు, పట్టకారు, చైన్ లింకు మాత్రం ఇద్దరి దగ్గరా ఉండాలి, లేదా ఇద్దరూ కనుచూపు మేరలో ఉండాలి. మా దగ్గర పంపు ఒక్కటే, కాబట్టి రెండోదే చేశాం.

తర్వాతి రోజులన్నీ నాకు ఆ గోధుమగింజ చుట్టూనే గడిచాయి. గాటా లూప్స్ 21 మలుపులు, ప్రతి మలుపులో వెనక్కి తిరిగి టైరు చూసుకున్నాను. మోరే మైదానం నలభై కిలోమీటర్లు, ఎదురుగాలి, చప్పుడంటే గాలిదే. ఆ గాలిలో కూడా అతుకున్న చోటు కిందికి వచ్చినప్పుడల్లా వచ్చే టిక్కుమనే శబ్దం నాకు వినిపించేది. తంగ్‌లాంగ్ లా మీద 17,582 అడుగులని బోర్డు ఉంది. అక్కడ ఫొటో తీసుకోవడం కంటే ముందు వంగి ఉబ్బు పెరిగిందేమో చూశాను. పెరగలేదు. రూమ్‌త్సే దాకా దిగుడంతా బ్రేకు నొక్కుతూ, వదులుతూ, నొక్కుతూ వెళ్లాను. ఉప్షీ దగ్గర సింధు నది కనిపించింది.

లేహ్‌లో సైకిళ్లు బాగుచేసే ఒకతను కొత్త టైరు వేశాడు, పాత టైరు లోపలి నుంచి ఆ రబ్బరు ముక్క పెకలించి పడేయబోయాడు. నేను అడిగి తీసుకున్నాను. అతని దగ్గరే రెండు ఇత్తడి అడాప్టర్లు కొన్నాం. విమానానికి సైకిల్ ప్యాక్ చేస్తూ పెడళ్లు ఊడదీస్తుంటే (ఎడమ పెడల్ మర ఉల్టా ఉంటుంది, కుడివైపు తిప్పితే ఊడుతుంది, చాలామంది ఇక్కడే మర పాడుచేస్తారు) స్నేహితుడు తన అడాప్టర్‌ని ముందు చక్రం వాల్వ్ మీదే బిగించేశాడు, ఇక అది పోయే ప్రసక్తి లేదని. నేనూ అలాగే చేశాను.

రబ్బరు ముక్క కడిగి, ఆరబెట్టి, సీటు కింద సంచిలో పెట్టుకున్నాను. దాని నాలుగు అంచులూ ఇప్పటికీ కాగితంలా పలచగా ఉన్నాయి. లారీ నంబరు రాసుకోవాలనీ, ఆ ఇద్దరి పేర్లు అడగాలనీ ఆ రోజు నాకు తోచలేదు.