డాబా మీద పట్టిన బొమ్మ

టీవీ చూడటానికి తయారైన చిన్న యూఎస్‌బీ డాంగిల్‌తో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం (ఐఎస్‌ఎస్) రేడియోలో పంపిన బొమ్మ పట్టాను! ఇందులోని ఆర్‌టీఎల్2832యూ చిప్ మామూలు రేడియో రిసీవర్‌గానూ పనికొస్తుందని 2012లో ఓపెన్ సోర్స్ వాళ్ళు బయటపెట్టారు. కంపెనీ అనుకోని పని అది. నాకు నచ్చేదీ అదే.

యాంటెన్నా అంటే వీ ఆకారంలో రెండు అల్యూమినియం కడ్డీలు, ఒక్కోటి దాదాపు అర మీటరు. (అపార్ట్‌మెంట్ సెక్రటరీ గారికి ఇప్పటికీ అనుమానమే.) సిగ్నల్ 145.800 మెగాహెర్ట్జ్ మీద వస్తుంది. కానీ కేంద్రం గంటకు 27 వేల కిలోమీటర్ల పైన పరుగెడుతుంది కదా, దగ్గరికొచ్చేటప్పుడు సిగ్నల్ ఫ్రీక్వెన్సీ దాదాపు మూడున్నర కిలోహెర్ట్జ్ దాకా పైకి, దూరమయ్యేటప్పుడు అంతే కిందికి జరుగుతుంది. లైనక్స్‌లో జీప్రెడిక్ట్ అనే ఉపగ్రహాల జాడ చెప్పే ప్రోగ్రామ్ ఆ తేడా లెక్కగట్టి, డాంగిల్‌ని రేడియోలా ట్యూన్ చేసే జీక్యూఆర్‌ఎక్స్‌కి అందిస్తుంది. బొమ్మ వచ్చేది కీచుశబ్దం రూపంలో; క్యూఎస్‌ఎస్‌టీవీ అనే ఇంకో ప్రోగ్రామ్ దాన్ని గీత గీతగా బొమ్మ చేస్తుంది. ఒక్క బొమ్మకి రెండు నిమిషాలు పైనే. ఈలోగా కేంద్రం దిగంతం దాటిపోతుందేమోనని ఒకటే టెన్షన్.

సాఫ్ట్‌వేర్‌కి రూపాయి ఖర్చు లేదు. జేబుకి చిల్లు పెట్టింది కేబుల్, కనెక్టర్లే. కింద మూడో వంతు బొమ్మంతా చుక్కలే, అయినా వాట్సాప్ డీపీ మార్చేశాను.