ఏ1కీ ఏ4కీ ఒకే సెక్షన్లు

ఈ రోజు ఉదయమంతా ఒక్క బెయిల్ పిటిషన్‌కే సరిపోయింది. నకిలీ సర్టిఫికెట్ల కేసు, మా క్లయింట్ ఏ4, అంటే నాలుగో నిందితుడు. బీటెక్‌లో బ్యాక్‌లాగ్స్ మిగిలిపోతే విదేశీ చదువు కోసం ఏజెంటుకి డబ్బులిచ్చి మార్కుల మెమోలు, ప్రొవిజనల్ సర్టిఫికెట్ కొన్నాడని ఆరోపణ. నిజమని తేలితే శిక్ష పడాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ విచారణ మొదలు కాకుండానే అతన్ని లోపల ఎందుకు ఉంచాలన్నదే ఇవాళ్టి గొడవ.

పోలీసులు బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత)లో మోసం, ఫోర్జరీ, దొంగ పత్రం వాడకాలకి పెట్టే 318(4), 336(3), 340(2)తో ఆగకుండా, ‘విలువైన సెక్యూరిటీ’ లాంటి పత్రాల ఫోర్జరీకి పెట్టే 338 కూడా కలిపారు. అసలు టెన్షనంతా దానితోనే. మిగతావాటితో ఏడేళ్లకు మించి శిక్ష పడదు కాబట్టి అరెస్టు చేయకుండా బీఎన్ఎస్ఎస్ (కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం) 35(3) నోటీసు ఇచ్చి పిలవచ్చు, అరెస్టు తప్పదంటే కారణాలు రాయాలి, 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. 338 చేరిందంటే యావజ్జీవం దాకా పడే కేసైపోతుంది, మేజిస్ట్రేట్లు వెనకాడతారు, ఛార్జిషీట్ పడకపోతే వచ్చే బెయిల్ కూడా 60 రోజుల నుంచి 90కి జరుగుతుంది. ఈ 338 పాత ఐపీసీ 467కి కొత్త నంబరే. కాలేజీ సీటు కోసం వాడిన దొంగ సర్టిఫికెట్లు ‘విలువైన సెక్యూరిటీ’ (చట్టపరమైన హక్కును సృష్టించే పత్రం లాంటిది) కిందకి రావని, కాబట్టి ఆ 467 వర్తించదని 1980లోనే శ్రీనివాస్ పండిట్ ధర్మాధికారి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అయినా ప్రతి ఎఫ్ఐఆర్‌లో ఆ సెక్షన్ కనిపిస్తూనే ఉంటుంది, నాకు ఒళ్లు మండేది అక్కడే.

మా సీనియర్ గారు ఈ తీర్పు చూపించి, మెమోలు సీజ్ చేశారు, అవి తమవి కావని యూనివర్సిటీ రాసిచ్చిన లెటర్ ఫైల్లో ఉంది, ఇక ఇతను తారుమారు చేయడానికి ఏం మిగిలింది అని అడిగారు. పీపీ (పబ్లిక్ ప్రాసిక్యూటర్) గారు మాత్రం, రాత్రింబవళ్లు చదివి పాసైనవాళ్ల సీటు ఇలాంటివాళ్లు తన్నుకుపోతున్నారు, సమాజానికి ఏం సందేశం వెళ్తుంది అన్నారు. ఆ బాధ నిజమైనదే. ఒక దొంగ మెమో వల్ల సీటు పోగొట్టుకున్న పిల్లకి ఆ సంగతి ఎప్పటికీ తెలియదు, కోర్టుకి వచ్చి చెప్పుకోలేదు. కానీ దానికి జవాబు శిక్షలో ఉండాలి, రిమాండ్‌లో కాదు. పారిపోతాడా, సాక్షుల్ని బెదిరిస్తాడా, ఆధారాలు చెరిపేస్తాడా, చూడాల్సింది ఇవి. విదేశాలకి వెళ్లాలనుకున్నవాడే కాబట్టి పారిపోతాడన్న అనుమానం సహజం, అందుకే పాస్‌పోర్ట్ కోర్టులో పెట్టేస్తామని మేమే చెప్పాం.

ఆ సర్టిఫికెట్లు అమ్మాడంటున్న ఏ1 సంగతి వేరు. స్టాంపులు, హోలోగ్రాములు, ఎవరెవరికి అమ్మాడో ఆ లిస్టు ఇంకా అతని మనుషుల దగ్గరే ఉన్నాయంటున్నారు, అవి దొరికేదాకా బెయిల్ వద్దంటే నేనూ ఒప్పుకుంటాను. దొంగ ఎంబీబీఎస్‌తో రోగుల్ని చూస్తూ దొరికినవాడికీ అంతే, బయటికొస్తే మళ్లీ క్లినిక్ తెరవడని గ్యారంటీ ఏమిటి? అమ్మినవాడినీ కొన్నవాడినీ ఒకే గాటన కట్టి, అందరి బెయిల్ పిటిషన్లకీ ఒకే పేరాతో కౌంటర్ (అభ్యంతరాల జవాబు) వేయడమే నాకు మింగుడుపడటం లేదు.

జడ్జిగారు అన్నీ విని ఆర్డర్స్‌కి సోమవారం వేశారు. ఇద్దరు ష్యూరిటీలని చూసుకోమని, ఇంటి పన్ను రసీదులు, ఆధార్ ఒరిజినల్స్ తెచ్చుకోమని కుర్రాడి అన్నకి చెప్పి పంపాను.